చూడకుండా తుడవని మనిషి

నిన్న పొద్దున్న మా బడి కొత్త ఆయామీద గొంతు చించుకుని అరిచాను. పాపం, ఆవిడ తప్పేం లేదు. చేరి నెల కూడా కాలేదు. ఆడపిల్లల బాత్రూం గోడలు తళతళలాడేలా రుద్ది, నేను ఫోను పట్టుకుని ఫోటో తీయడానికి వెళ్ళేసరికి మెచ్చుకుంటానని నవ్వుతూ నిలబడింది.

"గోడమీద ఏటో పిచ్చిరాతలు రాసినారమ్మా. పొద్దున్నే తుడిసీసినాను," అంది.

"ఏం రాశారు?"

"ఏటోనమ్మా."

"ఎవరి పేరైనా ఉందా?"

"నాకు సదువు రాదు కదమ్మా!"

అంతే, నాకు ఒళ్ళు తెలియలేదు. "చూడకుండా ఎలా తుడిచేశావు? నన్ను పిలవొద్దా?" అని అరిచాను. ఆవిడ బిత్తరపోయింది. శుభ్రంగా కడిగినందుకు తిట్టే టీచర్ని ఎక్కడా చూసి ఉండదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. నాకూ కళ్ళంట నీళ్ళొచ్చేశాయి. ఆవిడ నా మాటలకి ఏడ్చింది. నేను పాత ఆయమ్మ కోసం ఏడ్చాను.

పాత ఆయమ్మకి పేరు లేదని కాదు. రికార్డుల్లో ఉంది. కానీ హెడ్మాస్టరు గారి దగ్గర్నుంచి ఆరో తరగతి పిల్లల దాకా అందరికీ ఆవిడ ఆయమ్మే. పొట్టి మనిషి. చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి దోపుకుని, ముక్కుకి రెండు పక్కలా పుడకలతో, వరండాలో చప్పుడు చేసుకుంటూ నడిచేది. చీపురుతో ఒక చేయి, మాటతో ఒక చేయి ఎప్పుడూ ఆడుతూనే ఉండేవి. "ఒసే గుంటా, ఆ జడేటే అలగున్నాది, ఇటు రా!" అని దారిన పోయే పిల్లని లాగి, అక్కడే నిలబెట్టి జడ అల్లేసేది. మేం స్టాఫ్ మీటింగులో ఉన్నా సరే, గుమ్మంలోంచి తల పెట్టి, "టీ సల్లారిపోతన్నాది, తర్వాత తిట్టుకోండి," అనేది.

ఆవిడకి అడ్డపొగ అలవాటు. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం మా వైపు పెద్ద ఆడవాళ్ళకి కొత్తేం కాదు. కానీ బడి గేటు లోపల ఆవిడ ఒక్కనాడూ కాల్చలేదు. గేటు దాటి, రోడ్డు కూడా దాటి, అవతల తాటిచెట్టు నీడన గొంతుక్కూర్చుని కాల్చి, ఒక లవంగం నమిలి మరీ వచ్చేది. "ఎందుకంత దూరం వెళ్ళడం?" అని నేను ఎగతాళి చేస్తే, "నా నోటి కంపు పిల్లలకెందుకమ్మా?" అనేది.

ఇక ఫోటోల సంగతి చెప్పాలి. రోజూ పొద్దున్న తొమ్మిదింటికల్లా బాత్రూముల ఫోటోలు తీసి యాప్‌లోకి ఎక్కించాలి. మరకో రాతో కనబడితే పైనుంచి రిమార్కు వస్తుంది. రిమార్కు వస్తే హెడ్మాస్టరు గారికి ఫోను వస్తుంది. ఆయనకి ఫోను వస్తే నాకు పిలుపు వస్తుంది. ఎందుకంటే ఆడపిల్లల వైపు ఫోటోలు తీసే పని నాది. ఇన్నేళ్ళు పిల్లలకి తెలుగు పాఠాలు చెప్పుకున్నదాన్ని, ఈ వయసులో నాకీ ఖర్మేమిటని విసుక్కుంటూనే తీసేదాన్ని. మొదటి రోజే ఆయమ్మకి గట్టిగా చెప్పాను, నేను వచ్చేసరికి గోడమీద చుక్క కనబడకూడదని.

"సుక్కేటమ్మా! గోడలో నీ మొకం కనబడతాది, సూడు," అంది.

అన్నట్టే చేసేది. ఎనిమిదింటికే వచ్చి కొబ్బరిపీచూ సబ్బుపొడీ పెట్టి రుద్దేది. స్కెచ్ పెన్ను రాతలు పోకపోతే ఇటుకముక్కతో గీకేది. నేను తొమ్మిదింటికి వెళ్ళి, టకటకా నాలుగు ఫోటోలు తీసి, ముక్కు మూసుకుని బయటికొచ్చేసేదాన్ని. ఏడాది పైగా మాకు ఒక్క రిమార్కు రాలేదు. ఒక సమావేశంలో మా బడి పేరు చెప్పి మెచ్చుకున్నారు కూడా. ఆ రోజు నేను గజపతినగరంలో బస్సు దిగి, ఆయమ్మకి ఒక మిఠాయి పొట్లం కొని పట్టుకెళ్ళాను. అది తలుచుకుంటే ఇప్పుడు తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ ఏడాదే తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల చేరింది. పేరు రాయను. ఆ పేరు గోడలమీద రాసిన రాతలు చాలు. వాళ్ళది సముద్రం ఒడ్డు ఊరు, తండ్రి వేటకి వెళ్తాడు. చదువు బాగా వస్తోందని, సంతలో ఎండుచేపలు అమ్మే అమ్మమ్మ దగ్గర ఉంచి మా బడిలో చేర్పించారు. పద్యం అప్పజెప్పమంటే లేచి నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక్క తప్పు లేకుండా చెప్పేది. చెప్పాక కళ్ళు తెరిచి ముందు నా మొహమే చూసేది.

ఆ పిల్ల లోపలికి రాగానే కొందరు ముక్కు మూసుకునేవారు. తన బెంచీమీద పౌడరు జల్లేవారు. "నెత్తళ్ళు" అని పేరు పెట్టారు. నెత్తళ్ళంటే వేలెడంత చిన్న చేపలు. ఎండబెట్టినవి వంకాయలో వేసి వండితే మా వైపు లొట్టలేసుకుంటూ తినని ఇల్లుండదు. ఆ పేరు పెట్టిన పిల్లల ఇళ్ళలోనూ తింటారు.

ఒకసారి ఆ పిల్ల స్టాఫ్‌రూం గుమ్మం దగ్గరికొచ్చి, "టీచర్, నన్ను అందరూ ఏటేటో అంటన్నారు," అంది. నేను పేపర్లు దిద్దుతున్నాను. తల కూడా ఎత్తలేదు. "పట్టించుకోకమ్మా. చదువుకునేదానివి, చదువుమీద దృష్టి పెట్టు," అన్నాను. "సరే టీచర్," అని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. రాలేదు కాబట్టి సర్దుకుందనుకున్నాను.

ఆయమ్మ అలా అనుకోలేదు. మా బడిలో రోజుకి మూడుసార్లు నీళ్ళ గంట కొడతారు. ఆ గంట కొట్టగానే పాఠం ఆపి పిల్లలందరూ సీసాలు తీసి నీళ్ళు తాగాలి. ఆ సమయానికి ఆయమ్మ చీపురు గోడకి ఆనించి, వరండాలో కిటికీల వెంట నడుస్తూ పిల్లల్ని చూసేది. అదో సరదా అనుకునేదాన్ని. ఒకరోజు నేను ఫోటోలు తీసి వస్తుంటే కొంగు పట్టుకు లాగింది.

"అమ్మా, నీ తొమ్మిదో తరగతిలో సముద్రం ఒడ్డు గుంట ఉన్నాది కదా, అది నీళ్ళు తాగదు."

"తాగకపోవడమేంటి, గంట కొట్టగానే అందరూ తాగుతారు."

"మూతికి పెట్టుకుంటాది గానీ గుటక పడదు. సాయంత్రం దాకా సీసా నిండుగానే ఉంటాది. నా కాడికి రాదు కూడాను. పొద్దున్నొచ్చి సాయంత్రం దాకా ఆడపిల్ల ఒక్కసారి రాకుండా ఎలాగుంటాదమ్మా? ఏటో ఉన్నాది. నువ్వొకసారి అడుగు."

"సరే ఆయమ్మా, అడుగుతాలే," అన్నాను. పరీక్షలు దగ్గరికొచ్చాయి. సిలబస్ మిగిలిపోయింది. ఆ మాట చెవిన పెట్టలేదు.

తరవాత వారం ఒక సాయంత్రం, ఆఖరి పీరియడ్లో, ఇక ఆగలేక కాబోలు, ఆ పిల్ల బాత్రూంకి వెళ్ళింది. ముగ్గురు పిల్లలు బయటినుంచి గడియ పెట్టేశారు. ఆయమ్మ ఆ సమయానికి మధ్యాహ్న భోజనం గిన్నెలు సర్దడంలో సాయం చేస్తోంది. ఇంటిగంట కొట్టాక ఎవరో గడియ తీశారు. ఆ పిల్ల బయటికొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా, సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది. గేటు దగ్గర నాకు నమస్కారం కూడా పెట్టింది.

ఆ రాత్రి ఆ పిల్ల ప్రాణం తీసుకుంది. ఎలాగన్నది నేను రాయను. పద్నాలుగేళ్ళు.

రెండు రోజుల తరవాత వాళ్ళ అమ్మమ్మ బడికి వచ్చింది. గొడవ పడటానికి రాలేదు. కూర్చోమంటే కుర్చీలో కూర్చోలేదు. గోడ వారగా నిలబడి, సంచీలోంచి ఒక నోటు పుస్తకం తీసి నా చేతికిచ్చింది. "ఇందులో ఏటో రాసినాది. మాకెవలికీ సదవడం రాదమ్మా. నీ పేరు సెప్తా ఉండీది, నువ్వు సదువు," అంది. హెడ్మాస్టరు గారున్నారు. గుమ్మం దగ్గర ఆయమ్మ ఉంది. చదవడం మొదలుపెట్టాను.

"బాత్రూం గోడమీద నా గురించి మధ్యాహ్నం రోజూ రాస్తన్నారు. టీచర్ రోజూ పొద్దున్నే ఫోటో తీస్తారు. అన్నీ చూస్తారు. చూసి కూడా ఏమీ అనరు. అంటే అవన్నీ నిజమేనని టీచర్ కూడా అనుకుంటన్నారేమో."

అక్కడితో ఆపేశాను. మిగతాది హెడ్మాస్టరు గారు పైకి చదివి పుస్తకం మళ్ళీ నా చేతికిచ్చారు. నేను వినలేదు.

ఆయమ్మ గుమ్మంలోంచి అడిగింది. "గోడమీద రాసినది ఆ గుంట గురించేనా అమ్మా?"

తలూపాను.

"రోజూ పొద్దున్నే నాను రుద్దినాను కదా, అదేనా?"

ఆవిడ తన రెండు చేతులూ ముందుకు చాచి చూసుకుంది. సబ్బుపొడికి చర్మం పగిలి, గోళ్ళు అరిగిపోయిన చేతులు. "నానే తుడిసీసినాను. ఈ సేతుల్తోనే. అచ్చరాలు తెలిస్తే ఒక్కనాడైనా నీకు సెప్పుదును కదమ్మా," అంటూ గుమ్మంలోనే కూలబడిపోయింది. అప్పుడు ఆ ముసలావిడ, మనవరాలిని పోగొట్టుకున్న మనిషి, వెళ్ళి ఆయమ్మ పక్కన కూర్చుని భుజం మీద చేయి వేసింది. చదువు రాని వాళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే, చదువు చెప్పుకుని బతికే నేను పుస్తకం పట్టుకుని నిలబడ్డాను. అంత సిగ్గు నా జన్మలో పడలేదు.

రాసిన పిల్లల మీద నాకు కోపం లేదని అబద్ధం చెప్పను. కానీ వాళ్ళకీ పద్నాలుగేళ్ళే. విచారణలో వెక్కి వెక్కి ఏడ్చారు. ముందే ఆపాల్సిన పెద్దదాన్ని నేను, చేతిలో ఫోను పట్టుకుని రోజూ అదే గోడ ముందు నిలబడినదాన్ని.

పదిహేను రోజుల తరవాత, పిల్లలందరూ వెళ్ళిపోయాక, ఆయమ్మ నా దగ్గరికొచ్చింది.

"అమ్మా, నాకు సదవడం నేర్పు."

సంచీలోంచి పలక తీయబోయాను, అ ఆలు దిద్దిద్దామని. చేయి అడ్డం పెట్టింది. "నాకా సదువొద్దు. ఈ వయసులో పరీక్షలు రాస్తానేటి? పిల్లల పేర్లు సెప్పు. గోడమీద పేరుంటే అది ఎవలదో నాకు తెలియాల, అంతే."

హాజరుపట్టీ తెచ్చి వరండాలో కూర్చున్నాం. నేను సుద్దముక్కతో నేలమీద పేరు రాస్తే, ఆవిడ వేలు పెట్టి దాని మీదే దిద్దేది. మూడో రోజు పట్టీలో ఒక వరస దగ్గర వేలు ఆపింది. "ఈ పేరు మీద ఎర్రగీత కొట్టీసినారేటమ్మా?" నా మొహం చూసి ఆవిడే తెలుసుకుంది. వేలు తీయకుండానే, "ముందు ఇది నేర్పు," అంది.

నాలుగు రోజులు పట్టింది ఆ పేరు రావడానికి. వచ్చిన రోజు నేలమీద తన చేత్తో పెద్దగా రాసింది. మర్నాడు పొద్దున్న వచ్చి చూస్తే, వరండా అంతా తడిగుడ్డ పెట్టి, ఆ పేరున్న చోటు మాత్రం వదిలేసింది. "ఇది నాను తుడవను," అంది. పిల్లలు కూడా దాన్ని తొక్కకుండా పక్కనించి నడిచారు. తరవాత ఎప్పుడో వానజల్లుకి అదే పోయింది.

అప్పట్నుంచి మనిషే మారిపోయింది. గోడమీద ఏదైనా రాత కనబడితే పీచు ముట్టుకునేది కాదు. నేను వచ్చేదాకా గుమ్మానికి అడ్డంగా నిలబడేది. "ముందు నువ్వు సూడు, తర్వాత తుడుస్తాను." ఒకసారి నేను రావడం ఆలస్యమై, తుడిచే వ్యవధి లేక ఫోటో రాతతో సహా వెళ్ళిపోయి, రిమార్కు వచ్చేసింది. హెడ్మాస్టరు గారు కేకలేశారు. ఆవిడ కొంచెం కూడా తగ్గలేదు. "నన్ను తీసీండి బాబూ. సూడకుండా మటుకు తుడవను." ఆయన తీసేయలేదు. బాత్రూం బయటి గడియ కూడా ఓరోజు మాయమైపోయింది. ఎవరు ఊడదీశారని ఆయన వారం రోజులు వెతికారు. అది ఆయమ్మ కొంగు ముడిలో ఉందని నాకు తెలుసు. నేను చెప్పలేదు.

రాతలు పూర్తిగా ఆగిపోయాయని కాదు. ఒకసారి ఎనిమిదో తరగతి పిల్ల రాస్తూ ఆయమ్మకి దొరికిపోయింది. నా దగ్గరికి తీసుకొస్తుందేమో అనుకున్నాను. తేలేదు. ఆ పిల్ల చేతిలో పీచు పెట్టి, తనూ పక్కన కూర్చుని, "రుద్దు. ఎంత సేపు పడతాదో సూడు. ఇది గోడ కాబట్టి పోతన్నాది," అంది. అది రుద్దుతూ రుద్దుతూ ఏడ్చింది. అప్పుడు మెల్లిగా అడిగింది ఆయమ్మ, "నిన్నెవలేటన్నారే గుంటా?" ఇంట్లో మారుతండ్రి కొట్టే దెబ్బల సంగతి అలా బయటపడింది. నేను ఏడాది పాటు పాఠం చెప్పీ తెలుసుకోలేనిది, ఆవిడ ఒక గోడ కడిగి తెలుసుకుంది.

నీళ్ళ గంటకి కిటికీల వెంట తిరగడం మాత్రం మానలేదు. నన్నూ పక్కన తిప్పుకునేది. "సీసా సూడమ్మా, మొకం కాదు. మొకం నవ్వుతాది. నీళ్ళు తాగని గుంటకి లోపల బయమేస్తన్నాదని అర్తం," అనేది. మేమిద్దరం అలా నలుగురైదుగురు పిల్లల్ని పట్టుకున్నాం. ప్రతిసారీ ఆవిడ మొహం వెలిగేది. వెంటనే ఆరిపోయేది కూడా. ఎందుకో నాకు తెలుసు, నాకూ అలాగే ఉండేది.

పోయిన వానాకాలంలో జ్వరమని మంచం పట్టింది. విజయనగరం పెద్దాసుపత్రిలో చూడటానికి వెళ్ళాను. మాట సన్నగిల్లిపోయింది. అయినా నన్ను చూడగానే కళ్ళతో పక్క మంచం వైపు చూపించింది. అక్కడో పిల్ల పడుకుని ఉంది. మంచానికి వేలాడే చీటీలో పేరు కూడబలుక్కుని, అక్షరం అక్షరం నాకు చదివి వినిపించి, "పొద్దున్నుంచీ గుక్కెడు నీళ్ళు తాగలేదమ్మా. ఎవలూ అడగలేదు. నువ్వడుగు," అంది. వెళ్ళి అడిగాను. ఆ పిల్ల చేత రెండు గుక్కలు తాగించి వచ్చాక గానీ ఆయమ్మ నా చేయి పట్టుకోలేదు. నాలుగు రోజులకి పోయింది. ఆ రోజు నాకు పరీక్ష డ్యూటీ పడింది. ఆఖరి చూపు దక్కలేదు.

అందుకే నిన్న కొత్త ఆయామీద అలా అరిచాను. తరవాత క్షమించమని అడిగి, సాయంత్రం ఉండమన్నాను, పేర్లు నేర్పడానికి. కానీ తుడిచేసిన పేరు ఎవరిదో సాయంత్రం దాకా ఆగితే ఎలా? మొదటి గంటకి ఎనిమిదో తరగతి చూశాను. ఏం దొరకలేదు. రెండో నీళ్ళ గంట కొట్టేసరికి తొమ్మిదిలో ఉన్నాను. పాఠం ఆపి, బల్ల దగ్గర నిలబడి సీసాలు చూశాను. అన్ని మూతలూ ఊడాయి, అన్ని సీసాలూ పైకి లేచాయి. కిటికీ పక్కన మూడో బెంచీలో ఒక పిల్ల సీసా పెదాలకి ఆనించి దించేసింది. నవ్వు మొహమే. సీసాలో నీళ్ళు మెడ దాకా అలాగే ఉన్నాయి.

అందరిముందూ పిలవలేదు. హోంవర్కు చూసే వంకన పక్కన కూర్చుని, "నాతో రా తల్లీ," అని మెల్లిగా అన్నాను. వరండా చివరిదాకా నడిపించుకెళ్ళాను. బాత్రూం గుమ్మం దగ్గర ఆ పిల్ల ఆగిపోయి నా వైపు చూసింది.

"వెళ్ళమ్మా. నేనిక్కడే ఉంటాను. నువ్వొచ్చేదాకా ఎవరూ రారు."

లోపలికి వెళ్ళింది. నేను ఆయమ్మ నిలబడే చోట, గుమ్మానికి అడ్డంగా, నిలబడ్డాను. కాసేపటికి లోపల కుళాయి తిప్పిన చప్పుడు, ఆ చప్పుడు చాటున ఏడుపూ వినిపించాయి. కదలకుండా నిలబడ్డాను. రెండు నిమిషాల పని. పద్యం చెప్పి నా మొహం చూసే ఆ పిల్లకి ఒక్కరోజు, ఒక్క రెండు నిమిషాలు, నేనిలా నిలబడి ఉంటే చాలేది.